ఆరు సెకన్ల కోసం పల్నాడు

పల్నాడు పోయి ఏం చూసొచ్చావని అడిగినవాళ్లకు ఒక గోడగడియారం చూసొచ్చానని చెబుతుంటే నవ్వుతున్నారు. నవ్వరా మరి. మాచర్ల దాకా పోయి అక్కడి గుడి గడప తొక్కకుండా తిరిగొచ్చినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయివుంటాను. అయినా నాలుగు రోజుల పాటు అక్కడి మనుషుల్ని, తిండిని, రాళ్లని చూశాను గనుక, చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. మధ్యమధ్య నా గుండెదడ కూడా వినపడుతుంది. దాన్ని విడదీసి రాయడం నాకు చేతకాలేదు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. మాది గోదావరి లంకల వైపు. మద్రాసులో ఒక ప్రొఫెసరుగారి దగ్గర ఫిజిక్సులో పరిశోధన చేస్తున్నాను. నాకు ప్రాణమైనది మేసాను అనే కణం. అది కంటికి కనపడదు, చేతికి అందదు, కాగితం మీద లెక్కల్లోనే దాన్ని పట్టుకోవాలి. కానీ మేసాను లెక్కలకు జీతమిచ్చేవాళ్లు లేరు. భూకంపాలకు ఉన్నారు. అందుకని ప్రొఫెసరుగారు నన్ను భూకంపాల పనిలో వేశారు. మధ్యాహ్నం దాకా భూకంపాలు, ఆ తర్వాత మేసాన్లు అని నాకు నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం దాకా కూడా మేసాన్లే.

గురజాలలో మట్టి కింద రాయి గట్టిగా ఉంటుందని అక్కడి మిషన్ బడి వెనక గదిలో మా యంత్రం ఒకటి పెట్టించారు. ఎక్కడో ఉత్తరాన కొండల్లో భూమి కదిలితే, ఆ అదురు నేల అడుగునే ప్రయాణం చేసి వచ్చి, మసి పట్టించిన కాగితం మీద ఒక ముల్లుచేత గీత గీయిస్తుంది. ఏ సెకనుకు వచ్చిందన్నది పక్కన గోడ మీదున్న గడియారం చెబుతుంది. కిందటేడు వచ్చిన ఒక అదురు నేను లెక్కగట్టిన దానికంటే ఆరు సెకన్లు ముందు గురజాల చేరింది. అంటే అది వచ్చిన దారిలో, పల్నాడు అడుగున, మామూలు కంటే గట్టి రాతిపొర ఒకటి ఉండివుండాలి. అలాగని వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. దాన్ని పరిశీలించిన పెద్దమనిషి ఎవరో ఒక్క వాక్యం రాసి తిప్పి పంపాడు. ముందు గడియారం సరిగా ఉందో లేదో చూసుకోమన్నాడు.

ప్రొఫెసరుగారు ఆ కాగితం నా ముందుంచి వెళ్లి చూసి రమ్మన్నారు. నా ఉద్యోగం పొడిగించడమా మానడమా అన్నది వచ్చే నెల తేలుతుంది. వ్యాసం నిలబడితే నేనూ నిలబడతాను. లేకపోతే లంకకు పోయి మా అన్నయ్యతో పాటు అరటితోట చూసుకోవడమే.

నరసరావుపేట

గుంటూరులో మాచర్ల బండి అందక వేరే బండెక్కి, గురువారం పొద్దున నరసరావుపేటలో దిగాను. నా చేతిసంచిలో తువ్వాలు చుట్టిన గడియారం ఒకటుంది. మద్రాసు గడియారాలన్నింటిలోకీ నిజాయితీపరురాలని దానికి పేరు. చంటిబిడ్డను మోసినట్టు మోస్తుంటే కూలివాడు అనుమానంగా చూసి, ఏమైనా దేవుడి విగ్రహమా అని అడిగాడు. కాదంటే నమ్మలేదు.

స్టేషను బయట హోటల్లో అర్ధణాకు రెండు ఇడ్లీలు, అణాకు కాఫీ. కాఫీలో బెల్లం వేశారు. యుద్ధం అయిపోయిందన్న మాటే గానీ చక్కెర ఇంకా ఇల్లు చేరలేదని హోటలాయన చెప్పాడు. ఇడ్లీల మీదికి వచ్చిన కారప్పొడి మాత్రం యుద్ధం ఏమాత్రం తగ్గించలేనిదిగా కనపడింది. మా వైపు వంటలో మిరపకాయ వేస్తారు, ఇక్కడ మిరపకాయలో వంట వేస్తున్నారు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఉంటే ఆయన జాలిపడి ఇంకో చెంచా బెల్లం వేశాడు.

ఆ ఇడ్లీలు తింటున్నంతసేపూ నేను మనసులో ఒకటే లెక్క వేస్తున్నాను. గడియారం రోజుకు ఒక సెకను తప్పితే నా పొర ఉంటుంది. రెండు తప్పినా ఉంటుంది. నాలుగు దాటితే ఉండదు.

బొగ్గు బస్సులో నకరికల్లు మీదుగా

పెట్రోలు దొరక్క ఇక్కడి బస్సులు ఇంకా బొగ్గు మీదే నడుస్తున్నాయి. వెనక ఒక ఇనప పీపాలో బొగ్గు రాజేసి, దాన్నుంచి వచ్చే గ్యాసుతో బండిని నడిపిస్తారు. ఎత్తు వచ్చినచోట ఆడవాళ్లు తప్ప అందరం దిగి తోశాం. నకరికల్లు దగ్గర పీపాలో బూడిద దులపడానికి అరగంట ఆగింది. నేను తప్ప ఎవరూ విసుక్కోలేదు.

నా పక్కన కూర్చున్న పెద్దాయన గురజాల కోర్టుకు వాయిదాకు పోతున్నాడు. మూట విప్పి జొన్నరొట్టె, గోంగూర పచ్చడి నాకూ పెట్టాడు. మా వైపు ముక్కూ మొహం తెలియనివాడికి తిండి పెట్టాలంటే ముందు ఊరూ పేరూ అడుగుతారు. ఈయన తిన్న తర్వాత అడిగాడు. ఫలానా పనని చెప్పాను. భూమి కదలడం కనిపెట్టే మిషను మాదేనని తెలిశాక ఆయన నావైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

ఆయన దావా ఒక గట్టురాయి మీద. పక్క పొలంవాడు ఆ రాయి రెండు గజాలు జరిగిందని వేశాడు. "భూమి కదిలితే రాయి కదలదా నాయనా? ఆ ముక్క నువ్వు జడ్జీ ముందు చెబితే చానా మేలు" అన్నాడు. ఆ రాయి ఎటువైపు జరిగిందని అడిగాను. పక్కవాడి పొలంలోకి అన్నాడు. వెనక కూర్చున్న ఒకామె, భూకంపానికి నీ మీద అంత ప్రేమేందయ్యా అన్నది. బస్సంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వి, అడిగితే తప్పేముందన్నాడు. నేనూ నవ్వాను గానీ, నా రాతిపొర కూడా అలాగే నాకు అనుకూలంగా జరిగిందేమోనన్న అనుమానం అక్కడే మొదలైంది.

గురజాల

ఇక్కడ రాయి లేనిది ఏదీ లేదు. మా వైపు తాటాకు కప్పు వేసుకుంటాం, ఇక్కడ నాపరాళ్లే పరిచి కప్పు వేస్తారు. దొడ్లకు కంచె కూడా నిలువునా పాతిన రాతిపలకలే. ఫిబ్రవరిలోనే మధ్యాహ్నానికి ఆ రాళ్లు పెనంలా కాలుతున్నాయి.

మా యంత్రాన్ని చూసుకునేది మిషన్ బడిలో ఉపాధ్యాయుడు యాకోబు మాస్టారు. యాభై దాటిన మనిషి, బక్కగా ఉంటాడు, ఎండలోనూ కోటు గుండీలన్నీ పెట్టుకుంటాడు. యంత్రం పెట్టడానికి వచ్చింది వేరే అతను, నేను కాదు. అందుకని మా ఇద్దరికీ ఉత్తరాలతోనే పరిచయం. ఏడాదిన్నర నుంచి ప్రతి నెలా మసి కాగితాలు జాగ్రత్తగా చుట్టి, వాటితో పాటు ఒక ఉత్తరం పెట్టి పంపేవాడు. నేను కాగితాలు తీసుకుని ఉత్తరాలు సొరుగులో వేసేవాణ్ణి.

నాకు భోజనం స్టేషను దగ్గర బ్రాహ్మణ హోటల్లో ఏర్పాటు చేశానని, నేను తన ఇంట్లో తింటానని తాను అనుకోలేదని మాస్టారు మొహమాటంగా చెప్పాడు. మా ఊళ్లో నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. మీ ఇంట్లోనే తింటానన్నాను. ఆయన భార్య రూతమ్మ తలుపు చాటు నుంచి, మా ఇంట్లో జొన్న సంకటేనయ్యా, బియ్యం రేషన్ అయిపోయింది అన్నది. ఆ సంకటే పప్పూ నెయ్యీ వేసి పెట్టింది. రుచి నోటికి తెలిసేలోపల నేను గడియారం గురించి అడుగుతున్నాను. తినేటప్పుడు గడియారాలేందయ్యా అని ఆమె మందలించింది.

శుక్రవారం పొద్దున మాస్టారు యంత్రం గది తెరిచాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. నేల కడిగి ఉంది. కాగితాలకు మసి పట్టించడానికి కావలసిన కిరసనాయిలు తన ఇంటి రేషన్‌లోంచి ఇస్తున్నాడని రూతమ్మ మాటల్లో రాత్రే బయటపడింది. నా గడియారం తువ్వాలులోంచి తీసి గోడగడియారం పక్కన పెట్టాను. మధ్యాహ్నం దాకా రెంటినీ చూస్తూ కూర్చున్నాను. రెండూ దాదాపు కలిసే నడిచాయి. నాకు ఊపిరి వచ్చింది. అప్పుడు రిజిస్టరు అడిగాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రోజూ సాయంత్రం నాలుగింటికి రైల్వే స్టేషన్‌కు తంతి మీద సరైన టైము వస్తుంది. మాస్టారు జేబుగడియారం పట్టుకుని స్టేషనుకు నడిచిపోయి, ఆ టైము పట్టుకుని వచ్చి, గోడగడియారం ఎన్ని సెకన్లు తప్పిందో రిజిస్టరులో వేస్తాడు. నేను ఆ తప్పును సరిచేసుకుని లెక్క కడతాను. నాకు కావలసిన అదురు వచ్చింది కిందటేడు ఒక ఆదివారం సాయంత్రం. ఆ తేదీకి ఎదురుగా, మూడు సెకన్లు ఆలస్యం అని ఉంది. మసి కాగితం మీద ఆయన వేసి పంపిందీ, నేను లెక్కలోకి తీసుకున్నదీ అదే. పైన శనివారం చూశాను. మూడే. కింద సోమవారం చూశాను. పదకొండు.

మూడు నుంచి పదకొండుకు ఎప్పుడు పోయింది? ఆదివారం సాయంత్రానికి అది తొమ్మిదైతే నా ఆరు సెకన్లు అక్కడే ఉన్నాయి, రాతిలో లేవు. పేజీలు వెనక్కి తిప్పాను. ప్రతి ఆదివారం, దాని ముందు శనివారం, ఒకే అంకె. ఏడాదిన్నర పొడుగునా.

"ఆదివారం మేము పని చెయ్యం గదండీ" అన్నాడు మాస్టారు. "స్టేషనుకు పోను. శనివారం అంకే ఆదివారం గడిలో వేస్తాను, తప్పయితే చెప్పమని మొదటి నెలలోనే తమకు రాశాను. తమరు జవాబు కూడా దయచేశారు."

నేను అలాంటి జవాబేదీ రాయలేదన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన ఇంట్లోకి వెళ్లి బైబిలు తెచ్చి అందులోంచి ఒక కార్డు తీశాడు. మద్రాసు నుంచి తనకు వచ్చిన ఒకే ఒక్క కార్డట. అందుకని దాచుకున్నాడట. మీ ఉత్తరం చేరింది, మీరు రాసినట్టే చేయండి. అంతే ఉంది. కింద సంతకం నాది. ఉత్తరం చదవకుండా, చదివినట్టు కనపడటానికి అందరికీ రాసే మాట అది.

ఆయనకు మొదట అర్థం కాలేదు. ఆరు సెకన్ల సంగతి, వ్యాసం సంగతి, నా ఉద్యోగం సంగతి అన్నీ చెప్పేశాను. అలా చెప్పకుండా ఉండాల్సింది. ఆయన మొహం పాలిపోయింది. ఆ సోమవారం నాడు తన జేబుగడియారం మీదే అనుమానమని, అదే వారంలో దాన్ని మాచర్లలో గడియారాలు బాగుచేసే సాయిబుకిచ్చానని గుర్తు చేసుకున్నాడు. జేబుగడియారమే సోమవారం తప్పు చూపించి ఉంటే పదకొండు అన్నది అబద్ధం, మూడే నిజం. నా పొర మళ్లీ లేచి కూర్చుంది. మర్నాటి రైలుకు మాచర్ల పోవాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

మాచర్ల

మాచర్లతో రైలుపట్టాలు ఆగిపోతాయి. అక్కడినుంచి కృష్ణ దాటితే నైజాం. బజారులో వినిపించే మాటలో సగం ఏటికి అవతలి యాస. చింతపండు, జొన్నలు, మేకలు, రాతి రోళ్లు అన్నీ ఒకేచోట అమ్ముతున్నారు. ఎండుమిరప బస్తా పక్కగా నడిచినందుకు పది నిమిషాలు తుమ్ముతూనే ఉన్నాను. ఆ తుమ్ముల మధ్యే గడియారాల సాయిబు కొట్టు ఎక్కడని అడగవలసి వచ్చింది.

మస్తాన్ సాయిబు కొట్టు బీరువాకంటే కొంచెం పెద్దది. కంటికి భూతద్దం తగిలించుకుని ఒక అలారం గడియారం విప్పుతున్నాడు. నేను సంగతి చెప్పాను. చెబుతూ, ఆయన నోటినుంచి రావలసిన జవాబు కూడా నేనే అందించినట్టున్నాను. ఆ గడియారం బాగా తప్పుతూ ఉండివుంటుంది గదా, లోపల ఏదో చెడివుంటుంది గదా అని మూడుసార్లు అడిగాను. ఆయన పని ఆపి టీ తెప్పించాడు. రేకు గ్లాసులో ఇచ్చిన ఆ టీ అంత బాగుంటుందని అనుకోలేదు. కానీ సగమే తాగగలిగాను.

"పంతులుగారి గడియారం నాకెందుకు తెలవదు బాబూ. అద్దం పగిలితే అద్దమేశా. మిషను బంగారం. దాని జోలికే పోలా" అన్నాడు.

ఇంకోసారి గుర్తు చేసుకోమన్నాను. ఆయన భూతద్దం తీసి నన్ను మామూలు కన్నుతో చూశాడు. నీకు చెడిపోయిన గడియారం కావాలంటే ఈ కొట్లో చానా ఉన్నాయి, పంతులుగారిది మాత్రం కాదు అని నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. టీకి డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ పూట సత్రంలో పడుకుని కప్పు రాళ్లు లెక్కపెట్టాను. గుడికి పోయిరమ్మని సత్రం మనిషి రెండుసార్లు చెప్పాడు. దేవుడికి ఏమని మొక్కుకోవాలో తోచక పోలేదు. జరిగిపోయిన ఆదివారాన్ని ఏ దేవుడు మాత్రం మార్చగలడు.

తిరుగు రైలు

ఆదివారం మధ్యాహ్నం రైలు గురజాలలో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద యాకోబు మాస్టారు నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకున్న తెల్లటి పంచె, అదే కోటు. నేనున్న రైలుపెట్టె వెతుక్కుంటూ వస్తున్నాడు. ఆదివారం స్టేషనుకు రాని మనిషి రావడం చూసి స్టేషను మాస్టరు కూడా గదిలోంచి బయటికొచ్చాడు. ఇది పని కాదులెండి, మనిషిని సాగనంపడం అని మాస్టారే నాకు చెప్పాడు. సాయిబు ఏమన్నాడో నేను చెప్పలేదు. నా మొహం చూసి ఆయన అడగలేదు.

కిటికీలోంచి ఒక కవరు ఇచ్చాడు. లోపల రెండు కాగితాలున్నాయన్నాడు. "ఒకటి మీ ప్రొఫెసరుగారికి నేను రాసింది. రెండోది మీ కార్డు. అది నా దగ్గర ఉండటం దేనికి. బడిపంతులుకు మాట వస్తే పోయేదేముంది సార్, మీకు పోయేదుంది" అన్నాడు. రూతమ్మ ఇచ్చిందని కట్టెపొయ్యి మీద వేయించిన వేరుశనక్కాయల మూట కూడా చేతిలో పెట్టాడు. రైలు కదిలింది. నేను వద్దనలేదు.

నడికుడి దాటాక కవరు విప్పాను. గుండ్రటి అక్షరాలతో ఇంగ్లీషులో రాశాడు. ఆదివారం అంకెలు తన సొంత నిర్ణయం మీద వేశానని, మద్రాసువారికి తెలియజేయలేదని, తప్పంతా తనదని, క్షమించమని. చివర సంతకం, తేదీ. శనివారం తేదీ వేశాడు, ఆదివారం రాతపని కూడా చెయ్యడు గదా.

దాచుకోకుండా చెబుతాను. చదవగానే నాకు హాయిగా అనిపించింది. నాలుగు రోజుల నుంచి గుండెల మీదున్న బరువు ఎవరో దించినట్టయింది. వ్యాసం ఎలాగూ పోతుంది. కానీ పల్లెటూరి పంతులు చేసిన పొరపాటువల్ల పోయింది అంటే ఉద్యోగం ఉంటుంది, చదవకుండా జవాబు రాసే పరిశోధకుడివల్ల పోయింది అంటే ఉండదు. కార్డు చించి కిటికీలోంచి వదిలితే బెల్లంకొండ వచ్చేలోపల గాలికి పోతుంది. కార్డు చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడు ఆ ఉత్తరం ఇంకోసారి చదివాను. ఆదివారం ఫర్లాంగు దూరం నడిచి గడియారం చూసుకోవడమే పాపమనుకునే మనిషి, నాకోసం కూర్చుని ఒక అబద్ధం రాశాడు. అది రాయడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. నేను ఆయన ఉత్తరం ఒక్కటి చదవడానికి అంత కష్టం కూడా పడలేదు. సిగ్గేసింది. అయినా గుంటూరులో దిగేదాకా ఆ రెండు కాగితాల్లో ఏది ఇస్తానో నాకే తెలియదు. మద్రాసు మెయిలెక్కాక కూడా తెలియదు.

మద్రాసు

ప్రొఫెసరుగారు కుర్చీ చూపించారు. నేను కవరులో చెయ్యి పెట్టి కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఉత్తరం జేబులోనే ఉంచుకున్నాను. జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆయన కార్డు చేతిలోకి తీసుకుని చదివి, కాగితం కలం నా ముందుకు జరిపారు. వ్యాసం ఉపసంహరించుకుంటున్నానని పత్రికకు ఉత్తరం ఆయన చెబుతుంటే నేనే రాశాను. గడియారాన్ని సరిచూసే బాధ్యత నాదేనని, దాన్ని నేను నిర్వర్తించలేదని ఒక వాక్యం పెట్టించారు. నా ఉద్యోగం గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఇది రాస్తున్న రోజుకు కూడా ఆ సంగతి తేలలేదు.

లేచి నిలబడ్డాను. ఆయన ఇంకా కార్డే చూస్తున్నారు. కార్డు మూలన సన్నటి పెన్సిలు అక్షరాలతో గీకిన ముక్క ఒకటి నాకు చూపించి ఇదేమిటని అడిగారు. గురజాలలోనూ, రైల్లోనూ నేను దాన్ని గమనించనేలేదు.

"మేసాను లెక్క అండి. ఆ రోజుల్లో చేస్తుండేవాణ్ణి" అన్నాను.

"అదైనా తేలిందా?"

"లేదండి" అన్నాను.